ఊరికే రండి, మాస్టారూ

"రకరకాల" అనే మాట ఒక్కదానికి పనికిరాదు. ఏటా ఆరో తరగతి పిల్లలకు నేను చెప్పే పాఠాల్లో ఇదొకటి. రకరకాల పూలు ఉంటాయి గానీ రకరకాల పువ్వు ఉండదు. రకరకాల మనుషులు ఉంటారు గానీ రకరకాల మనిషి ఉండడు. పక్కన మరికొన్ని లేకపోతే ఆ మాట నిలబడదు. రిటైర్మెంటు దగ్గరకొచ్చిన తెలుగు మాస్టారిని, అయినా ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ హుషారు వస్తుంది. "మీకు మాటల మీదున్న పేమ మనుసుల మీదుంటే ఎంత బాగున్ను" అనేది మా ఆవిడ. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు ఆ మాట అని నన్ను దెప్పేవాళ్ళు కూడా లేరు.

మా బడి నౌపడకు దగ్గరలో ఉంది. వెనక కిటికీలోంచి ఉప్పుమళ్ళు కనిపిస్తాయి. వాటి మీద ఎండ పడి మెరిస్తే బోర్డు వైపు కాకుండా పిల్లలు అటే చూస్తారు. వాళ్ళను ఇటు తిప్పాలంటే అరవాలి, లేదా నవ్వించాలి. నాకు మొదటిదే బాగా వచ్చు.

ఆ రోజు బోర్డు మీద మూడు మాటలు రాశాను. వివిధ, నానా, రకరకాల. మూడింటి అర్థమూ దాదాపు ఒకటే అయినా దేని చోటు దానిది. "వివిధ" ఆఫీసు మాట. వివిధ శాఖలు, వివిధ కారణాల వల్ల. "నానా" కాస్త కోపిష్టిది. నానా తిట్లు, నానా తంటాలు, నానా చాకిరీ. నానా మిఠాయిలు పంచారని ఎవరూ అనరు. "రకరకాల" ఇంటి మాట. సంతకూ పెళ్ళికీ వంటింటికీ అదే బాగుంటుంది. ఇవన్నీ తెలిసి కూడా "వివిధ రకాలైన అనేక" అని మూడేసి కలిపి కొట్టేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కూడు మీద కూడు వడ్డించుకున్నట్టు, తినలేక ఛస్తాం.

సరే, సొంత వాక్యాలు చెప్పమన్నాను. ఒక పిల్ల లేచి, "మా ఊరి సంతలో రకరకాల గాజులు అమ్ముతారు" అంది. బాగుంది, కూర్చో అన్నాను. ఇంకొకడు, "మా బావ రకరకాల అబద్ధాలు ఆడతాడు" అన్నాడు. వాక్యం బాగుంది, బావ సంగతి మీ ఇంట్లో చూసుకోండి అన్నాను. అందరూ నవ్వారు. ఆ ఊపులో ముందు బెంచీ పిల్ల ఒకతి చెయ్యెత్తి, లేచి నిలబడి, "మా తెలుగు మాస్టారు రోజూ రకరకాల పప్పు తెత్తారు" అంది.

క్లాసంతా గొల్లుమంది. నేనూ ఊరుకోలేదు. "పప్పు ఒకటే కదే, రకరకాల ఎలా అవుతుంది?" అన్నాను.

"ఒకటి కాదండి. సోమారం టమాటా పప్పు. మంగలారం తోటకూర పప్పు. తరవాత ఏటీ ఎయ్యని పప్పు. మేం సూత్తన్నాం కదండీ."

నేను కూడా నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. కానీ మధ్యాహ్నం స్టాఫ్ రూములో డబ్బా మూత తీసేసరికి అందులో ఏమీ వెయ్యని పప్పే ఉంది. మా ఆవిడ ఉన్న రోజుల్లో మూడు గిన్నెల క్యారేజీ తెచ్చేవాణ్ణి. చుట్టూ ఉన్న మాస్టర్లు నా క్యారేజీ విప్పేదాకా వాళ్ళవి విప్పేవాళ్ళు కాదు. ఇప్పుడు నేను డబ్బా తెరిస్తే ఎవరూ తొంగి చూడరు. పైగా వాళ్ళ కూరలు తెచ్చి నా అన్నం మీద వేస్తారు, నేను అడగకుండానే. "తినండి మాస్టారూ, పాపం" అంటారు. ఆ "పాపం" గొంతు దిగడం కష్టం.

ఈ "పాపం" గురించే నేను చెప్పాలనుకున్నది.

మాది బాప్టిస్టు మిషను చర్చి. తాతల నాటి నుంచి అందులోనే ఉన్నాం. వరి కోతలై, నూర్పులు కూడా అయ్యాక ఒక ఆదివారం కోత పండుగ చేసుకుంటాం. పొలాలున్నవాళ్ళు ధాన్యం, అరటిగెలలు, కోళ్ళు తెచ్చి ముందు పెడతారు. నాలాంటి జీతగాళ్ళు కానుక వేస్తారు. ఆరాధన అయ్యాక అందరం కలిసి ఆవరణలో బంతులుగా కూర్చుని తింటాం. అన్నం చర్చిలో వండుతారు. కూరలు మాత్రం ఇళ్ళ నుంచి రావాలి. ఇంటికి ఒక్క కూర.

ఎవరు ఏ కూర తేవాలో పాస్టరుగారి భార్య పాస్టరమ్మ చెబుతుంది. పండుగకు ముందు వారం ఆవిడ వీధి వీధి తిరిగి, గేటు గేటు దగ్గరా ఆగి, మీరు బెండకాయ, మీరు కోడిగుడ్డు పులుసు అని చెప్పుకుంటూ వెళుతుంది. కాగితం ఉండదు, అంతా ఆవిడ బుర్రలోనే. దీన్ని మేం గిన్నె చెప్పడం అంటాం. మీ ఇంటికి గిన్నె చెప్పారా అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. కొత్తగా పెళ్ళయి వేరు కాపురం పెట్టినవాళ్ళకు ఆ ఏడు మొదటి గిన్నె చెబితే, ఆ పిల్ల ముఖం చూడాలి. అప్పటిదాకా అత్తగారింట్లో మనిషి, ఇప్పుడు తనదీ ఒక ఇల్లు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరి కూర వాళ్ళే వడ్డించాలి. గరిటె పట్టుకుని బంతి మొదటి నుంచి చివరిదాకా నడవాలి. వడ్డించినవాళ్ళు ఆఖరి బంతిలో కూర్చుంటారు. మా ఇంటి గిన్నె ఎప్పుడూ వంకాయ మెత్తళ్ళే. మెత్తళ్ళంటే చిటికెన వేలంత చేపలు, ఎండబెట్టినవి. మా ఆవిడ గజపతినగరం పక్క పల్లె నుంచి వచ్చింది. అక్కడికి సముద్రం వాసన సంత రోజున బుట్టలో రావాల్సిందే. అందుకేనేమో ఎండు చేపంటే ఆవిడకు మహా గౌరవం. ఆవిడ గరిటె పట్టుకుని బంతిలోకి దిగితే, అన్నం కలిపేసుకున్నవాళ్ళు కూడా చెయ్యి ఆపి కూర్చునేవాళ్ళు. నేను మగవాళ్ళ బంతిలో కూర్చుని, ఆ కూర నాదే అన్నట్టు అటూ ఇటూ చూసేవాణ్ణి.

ఆవిడ పోయిన మొదటి ఏడు నేను కోత పండుగకు వెళ్ళలేదు. రెండో ఏడు వెళదామనుకున్నాను. పాస్టరమ్మ మా వీధికి వచ్చింది. ఎడం పక్కింటికి గిన్నె చెప్పింది. కుడి పక్కింటికి చెప్పింది. మధ్యలో మా గేటు దగ్గర ఆగి, "మాస్టారూ, మీరు ఊరికే రండి. ఏటీ తేవద్దు" అంది. ఆవిడ మంచికే అంది. ఆవిడ మనసు వెన్న, నోరు మాత్రం కొడవలి. ఆ రోజు నాకోసం ఆ నోటిని కూడా మెత్తగా చేసుకుని మరీ అంది.

ఊరికే వెళ్ళాను. ఉత్త చేతులతో బంతిలో కూర్చున్నాను. పెళ్ళికి వచ్చిన కారు డ్రైవరుకు పెడతారు చూడండి, బాగానే పెడతారు, తినమనీ అంటారు, అలాగ. రకరకాల కూరలు వరసగా వచ్చాయి. ఒక్కొక్క ఇల్లూ నా ఆకు ముందుకు వచ్చి వంగి వెళ్ళింది. మా ఇల్లు మాత్రం ఎవరి ముందుకూ వెళ్ళలేదు. పొట్ట నిండా తిని ఇంటికొచ్చి తాళం తీస్తూ, ఇది ఇల్లు కాదన్నమాట అనుకున్నాను. మనిషి పోతే మనిషే పోతుందనుకున్నాను, లెక్కలోంచి ఇల్లు కూడా పోతుందని నాకు తెలియదు.

ఈ ఏడు అలా వెళ్ళదలుచుకోలేదు. గిన్నె చెప్పించుకుని వెళ్ళాలి, లేదా అసలు వెళ్ళకూడదు. రెండే దారులు. మూర్ఖంగా ఉందని నాకూ తెలుసు. ఈ వయసులో ఒక కూర కోసం అలిగేవాణ్ణి చూసి పిల్లలు కూడా నవ్వుతారు. నవ్వనీ.

ముందుగా చర్చి వాట్సాప్ గ్రూపులో పాస్టరుగారి ప్రకటన వచ్చింది. "ప్రతి కుటుంబము వివిధ రకాలైన అనేక వంటకములతో ప్రేమ విందునకు హాజరు కావలెను" అని. చూశారా! నాకు వెంటనే బీపీ పెరిగింది. ఒక ఇంటి నుంచి ఒక కూరే వస్తుంది అయ్యగారూ, ఇళ్ళన్నీ కలిసి కూర్చుంటేనే రకరకాలు అవుతాయి అని టైపు చేశాను. పంపే ముందు మళ్ళీ చదువుకున్నాను. గిన్నె లేనివాడికి ఇళ్ళ లెక్క ఎందుకులే అనిపించి చెరిపేశాను. కింద వరసగా అందరూ ఆమెన్, ఆమెన్ అని పెట్టారు. నేనూ ఒక ఆమెన్ పెట్టి ఫోను బోర్లా వేశాను.

ఆ వారం బడి నుంచి రాగానే వరండా తుడిచి, కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. పెళ్ళిచూపులకు కూర్చున్నవాడికి కూడా అంత గుండెదడ ఉండదు. గురువారం సాయంత్రం పాస్టరమ్మ వచ్చింది. ఎడం పక్కింటి గేటు దగ్గర గొంతు వినిపించింది.

"మీకు ఆనపకాయ."

"ఏటా మాకు ఆనపకాయేనేటండీ?" అని ఆ ఇల్లాలు గునిసింది.

"మీకు అదే సేతనవుతాది. మరోటి సేత్తే ఎవులు తింతారు?"

అంత మాట అన్నా ఆ ఇల్లాలు నవ్వుతూనే ఉంది. పాస్టరమ్మ మా గేటు దగ్గరకొచ్చింది. గొంతు మారిపోయింది. ఆసుపత్రి మంచం పక్కన మాట్లాడే గొంతు. "మాస్టారూ, బాగున్నారా? ఆదోరం ఉండిపోండి, భోజనానికి. ఊరికే వచ్చీండి."

ఆ మాట అనేసి కుడి పక్కింటి వైపు కదిలింది. నేను లేచి చెప్పుల్లేకుండా గేటు దాకా పరిగెత్తాను.

"అమ్మా, నాకు గిన్నె చెప్పలేదు."

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. రెండు పక్కల ఇళ్ళవాళ్ళూ బయటికొచ్చారు. పాస్టరమ్మ వెనక్కి తిరిగి, "మీకెందుకండీ ఇబ్బంది? ఒక్కరూ. మీరు ఒండుకు తినడమే కట్టం" అంది.

"నా ఇబ్బంది నేను చూసుకుంటాను. ఈ వీధిలో అన్ని ఇళ్ళకూ చెబుతున్నారు. నాది ఇల్లు కాదా?"

"కోపమొచ్చిందేటి, మాస్టారూ?"

"వచ్చింది."

ఆవిడ రెండడుగులు వెనక్కి వచ్చింది. "అయితే పెరుగు తెండి" అంది.

"పెరుగు డెయిరీవాడు తయారు చేస్తాడు. అది వాడి గిన్నె అవుతుంది, నాదెలా అవుతుంది?"

పక్కింటి ఇల్లాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పాస్టరమ్మకు కూడా నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "మరేటి సేత్తారు, మీరే సెప్పండి."

"వంకాయ మెత్తళ్ళు."

అప్పుడు ఆవిడ ముఖంలో ఆ కాస్త నవ్వు కూడా పోయింది. గేటు మీద చెయ్యి వేసింది. తరవాత మెల్లగా, "అది ఆయమ్మ కూర కదండీ" అంది. "ఆయమ్మ పోనాక ఆ కూర నాను ఎవులికీ సెప్పనేదు. ఇద్దరు ముగ్గురు మాకు ఇమ్మని అడిగినారు. నాకే నోరు రానేదు."

ఈ సంగతి నాకు తెలియదు. పోయిన ఏడు అన్ని కూరలు తిన్నాను, అందులో వంకాయ మెత్తళ్ళు లేవని కూడా గమనించలేదు, నా బాధలో నేనున్నాను. "అయితే నాకు చెప్పండి" అన్నాను.

"సరే. మాస్టారింటికి వంకాయ మెత్తళ్ళు" అంది ఆవిడ. కుడి పక్కింటికి వెళ్ళి వాళ్ళకు చిక్కుడుకాయ చెప్పింది. నేను గేటు దగ్గరే నిలబడి "మాస్టారింటికి" అని లోపల రెండుసార్లు అనుకున్నాను.

ఆవిడ వీధి మలుపు తిరగ్గానే ఆనపకాయ ఇల్లాలు గోడ మీదుగా, "మాస్టారూ, మెత్తళ్ళు తెచ్చిచ్చీండి. నాను ఒండి పెడతాను. మీరు అట్టుకెళ్దురు గాని" అంది. పాపం, మంచి మనిషి. నేను వద్దన్నాను. వద్దన్న తీరు కూడా బాగుండి ఉండదు, ఆవిడ ముఖం చిన్నబోయింది. ఏం చెయ్యను, నా నోరు అలాంటిది.

శనివారం సంతకు వెళ్ళాను. ఎండు చేపల మనిషి నాకు తెలిసినదే, మా ఆవిడ ఈమె దగ్గరే కొనేది. నేను చెప్పినంతా తూచడానికి ఆవిడకు చేతులు రాలేదు. "ఒక్కడివి ఇన్నేటి సేసుకుంతావు బాబూ? యాపారమెట్టినావేటి?"

"మా ఇంటి గిన్నె. చర్చిలో విందు" అన్నాను. అంత గొప్పగా ఎప్పుడూ ఏ మాటా అనలేదేమో. ఆవిడ గుప్పెడు పైన కొసరేసింది.

సాయంత్రం చేట ముందు పెట్టుకుని మెత్తళ్ళ తలలు గిల్లడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఈ పని చేస్తుంటే ఎన్నోసార్లు చూశాను గానీ వెనక నుంచి చూశాను. వంటింట్లో పీట మీద కూర్చున్న ఆవిడ వీపు, జుట్టు ముడి, చేట చప్పుడు, ఇవి బాగా గుర్తున్నాయి. చేతులు ఏం చేసేవో తెలియదు. కాసేపటికి వేళ్ళ చివర్లు మంటెత్తాయి. చేపల కుప్ప తరగడం లేదు. టీవీ పెట్టుకున్నాను. ఎవరో మాట్లాడుతుంటే పని సాగుతుందని. అందులో ఒకాయన "వైవిధ్యభరితమైన వివిధ" అన్నాడు. కట్టేశాను.

ఆదివారం తెల్లవారకముందే లేచి స్టవ్ వెలిగించాను. ముందు మెత్తళ్ళు నూనె లేకుండా వేయించాను. తరవాత నీళ్ళలో ఒకసారి జాడించి తీశాను. సముద్రంలో పుట్టి పెరిగినవాటికి ఇంకా స్నానమేమిటి అనుకున్నాను. పెద్ద డేగిసాలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, వంకాయ ముక్కలు, చింతపండు, కారం. వంకాయ మగ్గాక మెత్తళ్ళు వేసి మూతపెట్టాను. కొంచెంసేపటికి మూత కింద నుంచి వాసన వచ్చింది. ఇంట్లో ఆ వాసన వచ్చి రెండేళ్ళు దాటింది. మొదట వంటిల్లంతా పట్టింది, తరవాత పడగ్గదిలోకి, దుప్పట్లలోకి కూడా వెళ్ళింది. మంట తగ్గించి వరండాలోకి వెళ్ళి, చలిలో మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఆవిడ ఉందనే అనిపిస్తోంది, ఆ అనిపించడం అయిపోయేదాకా లోపలికి వెళ్ళకూడదనుకున్నాను. కూర అడుగంటబోతే పరిగెత్తాల్సి వచ్చింది.

చర్చికి ఆటోలో వెళ్ళాను, డేగిసా ఒళ్ళో పెట్టుకుని. పాస్టరుగారు చెప్పే వాక్యం మీద మనసు నిలవలేదు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా గిన్నెలు బల్ల మీద సర్దుతుంటే నాది కూడా పట్టుకెళ్ళి వాటి మధ్యలో పెట్టాను. ఒకావిడ చప్పున గరిటె అందుకోబోయింది. "మీకెందుకు మాస్టారూ, ఎళ్ళి కూకోండి. మేం ఒడ్డించీస్తాం."

"నా కూర నేనే వడ్డిస్తాను" అన్నాను. గరిటె వదల్లేదు.

బంతిలోకి దిగాను. నడుం వంచి, ఒక్కొక్క ఆకు ముందూ ఆగి, వెయ్యమంటారా అని అడగడం. బోర్డు ముందు ఇన్నేళ్ళు నిలబడ్డవాణ్ణి, మొదటి ఆకులో వెయ్యబోయి కాస్త నేల మీద పోశాను. అందరూ తలెత్తి నా ముఖంలోకి చూశారు. ఆవిడ పోయాక అంతమంది ఒకే పూట నా ముఖంలోకి చూడడం అదే. "ఆయమ్మ కూరేనేటి మాస్టారూ?" అని ఒకాయన అడిగాడు. అదే, వెయ్యమంటారా అన్నాను. వెయ్యమన్నాడు. చిన్నప్పుడు చర్చిలో బైబిలు వాక్యం అప్పజెప్పినప్పటి సంతోషం మళ్ళీ వచ్చింది నాకు. వంగడం, వెయ్యడం, ముందుకు జరగడం.

రెండో బంతి సగంలో ఉండగా వెనక్కి తిరిగి చూశాను. తినేవాళ్ళ దవడలు ఆగుతున్నాయి. ఒకాయన నమలడం ఆపి, కళ్ళు మూసుకుని మింగి, వెంటనే గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. ఒక పసిది నోట్లోది ఆకు మీద ఉమ్మేసింది. తల్లి దాని తొడ గిల్లి, నా వైపు చూసి నవ్వింది.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"బాగున్నాది మాస్టారూ."

"చాలా బాగున్నాదండి."

"ఆయమ్మ సేతిదే, అచ్చం."

ఇంతమంది ఒకే రకంగా బాగుందంటే ఏదో ఘోరం జరిగిందని బడి మాస్టారికి తెలియదా? తెలిసింది. కానీ ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. మారు మాత్రం ఎవరూ అడగలేదు. గరిటె బరువెక్కింది. ఆనపకాయ ఇల్లాలి కూర కిందటి బంతిలోనే అయిపోయి ఆవిడ ఖాళీ గిన్నె తిప్పుకుంటూ నా పక్క నుంచి వెళ్ళింది. నా డేగిసాలో సగానికి పైగా ఉంది. అంతమంది మధ్యలో, చేతిలో గరిటెతో, ఇంట్లో ఒక్కణ్ణి ఉన్నప్పటికంటే ఎక్కువ ఒంటరిగా అనిపించింది. ఊరికే వచ్చి ఉంటే సరిపోయేది అని కూడా అనిపించింది.

ఆఖరి బంతిలో వడ్డించినవాళ్ళం కూర్చున్నాం. అంతా ఆడవాళ్ళు, చివర నేను. నా ఎదురుగా పాస్టరమ్మ. ఎవరి కూరలు వాళ్ళు ఇచ్చిపుచ్చుకున్నారు. నా కూర అందరూ కొంచెం కొంచెం వేసుకుని ఆకు అంచున పెట్టారు. పాస్టరమ్మ మాత్రం నిండుగా వేసుకుని, అన్నంలో కలిపి, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది.

కరకరమని చప్పుడు నాకు వినిపించింది.

ఆవిడ ఆగింది. ఎడం చేత్తో నోరు మూసుకుని, లేచి వెళ్ళి గోడ పక్కన ఉమ్మి, పుక్కిలించి వచ్చింది. వచ్చి కూర్చోలేదు. నా నెత్తి మీద నిలబడింది.

"ఓలమ్మో! ఇదేటండీ మాస్టారూ! ఇసక! కూరంతా ఇసకే!"

"ఊరుకోండమ్మా" అని పక్కావిడ ఆమె కొంగు లాగింది. "ఊరుకోండి, పాపం, ఒక్కరూ సేసుకొచ్చినారు."

"పాపమేటి పాపం! నా పన్ను ఊడిపోను! మెత్తళ్ళు ఒక నీళ్ళతో పోతాయేటి? నాలుగు నీళ్ళు మార్చాల. ఇసక అడుక్కి దిగిందా నేదా సూసుకోవాల. అంత సదువుకున్నారు, సెయ్యి పెట్టి సూసుకోనేరేటి? తగువాడి మరీ గిన్నె సెప్పించుకున్నారు గదా! సంఘమంతటికీ ఇసక మేపీసినారు!"

ఆవరణలో చేతులు కడుక్కుంటున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. నేను ఒక ముద్ద తిని చూశాను. నిజమే, పంటి కింద ఇసుక. నోరంతా ఇసుక. "తప్పయింది" అన్నాను.

"తప్పయిందేటి, సూడండి, వచ్చే ఏడు మీకు మెత్తళ్ళు లేవు. మీకు గుమ్మడికాయ పులుసు సెప్తాను. దానికైతే ఇసకుండదు. అది కూడా సెడగొట్టినారంటే అప్పుడు సెప్తాను మీ సంగతి."

ఆ "వచ్చే ఏడు" వినగానే తలెత్తి ఆవిడ ముఖంలోకి చూశాను. ఆనపకాయ ఇల్లాలు ఫక్కున నవ్వింది. ఇంకెవరో నవ్వారు. పసిదాని తొడ గిల్లిన తల్లి, "నిజమేనండి మాస్టారూ, మా గుంట ఉమ్మీసింది" అంది ధైర్యం తెచ్చుకుని. నీళ్ళు తాగిన పెద్దాయన అవతలి నుంచి, "నాను సముద్రం ఒడ్డున భోజనానికి కూకున్నాననుకున్నాను మాస్టారూ" అన్నాడు. ఆవరణంతా నవ్వింది. తలా ఒక మాట అన్నారు. ఒక్కరి నోట "పాపం" రాలేదు. నేనూ నవ్వుతూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. కారం అని చెప్పాను.

పాస్టరమ్మ కూర్చుని, నా కూరను పక్కకు తోసి, చిక్కుడుకాయతో అన్నం కలుపుకుంటూ ఇంకా గొణుగుతూనే ఉంది. పొలాల మీద ఎండ పడిపోయేదాకా గిన్నెలు తోమడం, బల్లలు మోయడం అయ్యాయి. నన్ను కూడా పిలిచారు, "మాస్టారూ, ఆ కొస పట్టండి" అని. పట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కలేదు. డేగిసా సంకన పెట్టుకుని నడిచి వచ్చాను. దారి పొడుగునా ఆవిడ తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తు చేసుకున్నాను. ఒక్కటి కూడా పోకూడదనుకున్నాను, ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. గుమ్మడికాయ మాట దగ్గరకు వచ్చేసరికి నాలో నేనే నవ్వుకున్నాను. గేటు తీశాను. తాళం తీశాను. చెప్పులు విప్పుతూనే లోపలికి తిరిగి, "ఇదిగో, విన్నావా, వచ్చే ఏడు మనకు గుమ్మడికాయట!" అన్నాను, వంటింట్లోకి వినపడేలాగ.

ఇంట్లో ఇంకా కూర వాసన ఉంది. డేగిసా చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఈ కబురు విని ఆవిడ ఎంత నవ్వేదో, ఇసుక సంగతి ఎన్నేళ్ళు ఎత్తిపొడిచేదో నాకు తెలుసు. లైటు వెయ్యకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను.